అటక మీది గేరు

మా అబ్బాయి అమెరికాలో ఉండే వీధి చివర ఒక ముసలాయన ఉన్నాడు. ఎనభై దాటాయి. ఆయన దగ్గర 1964 నాటి పోంటియాక్ జి.టి.ఓ. కారు ఒకటి ఉంది. నేను వెళ్ళిన మూడోరోజు పొద్దున్నే ఆయన దాన్ని స్టార్టు చేశాడు. నా చేతిలో కాఫీ తొణికింది.

"అదేమిట్రా, విమానమా?" అన్నాను.

"కాదమ్మా, కారే. లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు ఇస్తుంది, అంతే" అన్నాడు మావాడు నవ్వుతూ.

లీటరుకి నాలుగైదా! గ్యాస్ సిలిండరు ఏ తారీఖున పెట్టామో క్యాలెండరు మీద రాసుకుని, నెల తిరక్కుండా అయిపోతే ఇంట్లో అందరినీ అనుమానంగా చూసే మనుషులం మనం. నాకు గుండె తరుక్కుపోయింది. ఆ సాయంత్రమే మావాడితో కలిసి ఆ కారు చూడటానికి వెళ్ళాను.

ముసలాయన బాధ పెట్రోలు ఖర్చు కాదట. ఆయన అక్కగారు 280 మైళ్ళ దూరంలో ఉంటుంది. ఈ కారు టాంకులో పట్టేది ఇంచుమించు 20 గ్యాలన్లు, మన లెక్కలో 76 లీటర్లు. గ్యాలనుకి 11 మైళ్ళు ఇస్తే 220 మైళ్ళ దగ్గరే ఆగిపోతుంది. దారిలో బంకు కోసం వెతుక్కోవడం, అక్కడ దిగి నిలబడటం ఈ వయసులో ఆయనవల్ల కావడం లేదు. "ఇంక అమ్మెయ్యండి నాన్నా" అంటున్నారు పిల్లలు. ఈయనేమో, పెళ్ళయిన కొత్తలో ఈ కారులోనే భార్యను తీసుకుని అక్క ఇంటికి మొదటిసారి వెళ్ళాననీ, ఒక్కసారైనా ఒకే టాంకుతో మళ్ళీ వెళ్ళి చూపిస్తాననీ పంతం పట్టాడు.

ఇంతకీ ఈ కారు ఇంత తాగుబోతు ఎందుకయింది? దాని పుట్టుకలోనే ఉంది ఆ కథ.

1960ల మొదట్లో జనరల్ మోటార్స్ కంపెనీలో ఒక కట్టుబాటు ఉండేది. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని. అందులో భాగమైన పోంటియాక్ శాఖలో జాన్ డెలోరియన్, బిల్ కాలిన్స్ వంటి ఇంజనీర్లు, జిమ్ వాంగర్స్ అనే ప్రచారకుడు కలిసి ఒక ఉపాయం పన్నారు. కొత్త కారు చేస్తే కదా పెద్దల అనుమతి కావాలి? ఉన్న టెంపెస్ట్ కారుకే "కావాలంటే తీసుకోండి" అని దాదాపు 296 డాలర్ల అదనపు సరంజామాగా పెద్ద కారు ఇంజనుని అమర్చేశారు. అది 389 ఘనపు అంగుళాలది, అంటే 6.4 లీటర్లది. అత్తగారు కొత్తచీర వద్దన్నారని పాత చీరకే బెత్తెడు జరీ అంచు కుట్టించుకున్నట్టన్నమాట! 5,000 అమ్మితే చాలనుకున్నవి ఆ ఏడాది 32,450 అమ్ముడయ్యాయి. మిగతా కంపెనీలన్నీ వెంటపడ్డాయి. వాటికే తర్వాత 'మజిల్ కార్లు' అని పేరు పడింది, కండల కార్లు అని.

అప్పుడు అక్కడ గ్యాలను పెట్రోలు ముప్పై సెంట్లు. ఎంత తాగుతోందని ఎవరడుగుతారు? కొనే కుర్రాళ్ళు అడిగేది ఒక్కటే, పావు మైలు ఎన్ని సెకన్లలో పోతుందని.

ఆ సెకన్ల కోసం చేసిన పనే ఈ దాహానికి అసలు కారణమట. నేను ఇంజను పెద్దది కాబట్టి అనుకున్నాను. అది కొంతవరకే నిజం. ముసలాయన నేలమీద సుద్దముక్కతో రాసి మరీ చెప్పాడు. మన కుట్టుమిషనులో కింద పెద్దచక్రం ఒకసారి తిరిగితే పైన చిన్నచక్రం చాలాసార్లు తిరుగుతుంది కదా. కారులో తిరగేసి చూడండి. రోడ్డుమీది చక్రం ఒక్కచుట్టు తిరగడానికి పైన ఇంజను 3.90 చుట్లు తిరగాలి. ఆయన కారు వెనక ఇరుసులోని పళ్ళచక్రాల లెక్క అది. ఒక్క ఉదుటున దూకడానికి బాగుంటుంది గాని, హైవే మీద గంటకి 60 మైళ్ళ వేగంతో నింపాదిగా పోతున్నా ఇంజను నిమిషానికి మూడువేల చుట్లు తిరుగుతూనే ఉంటుంది. తిరిగిన ప్రతి చుట్టుకీ లోపలి రాపిడికి కొంత పెట్రోలు ఆహుతి. పైగా అంత నెమ్మది పనికి గాలిదారి మూత కొంచెమే తెరుచుకుంటుంది కాబట్టి, ఆ సందులోంచి గాలి పీల్చుకోవడానికే ఇంజను ఆయాసపడుతుందట. పప్పు ఎప్పుడో ఉడికిపోయినా కుక్కర్ కింద మంట తగ్గించకుండా కూతలు వేయిస్తున్నట్టే ఉంది నాకు.

తమాషా ఏమిటంటే, ఆ పాపం కార్బురేటర్లది కాదు. ఆయన కారుకి మూడున్నాయి! మూడు పొయ్యిలూ వెలిగించుకు కూర్చున్నట్టు కనబడుతుంది గాని, మామూలుగా నడిపినంతసేపూ మధ్యదొక్కటే పనిచేస్తుంది. కాలు గట్టిగా నొక్కితేనే మిగతా రెండూ నోరు తెరుస్తాయి. అంటే సగం పొదుపు నడిపేవాళ్ళ పాదంలోనే ఉందన్నమాట. ఆ మాట అన్నప్పుడు ముసలాయన భార్య ఆయన వంక చూసిన చూపు నాకు బాగా తెలిసినదే.

మరి విరుగుడు? అదెప్పుడో 1934లోనే ఉంది. క్రైస్లర్ కంపెనీ ఎయిర్‌ఫ్లో కార్లలో 'ఓవర్‌డ్రైవ్' అని ఒక అదనపు గేరు పెట్టారు. కారు వేగం అందుకున్నాక అది పడితే చక్రాల వేగం తగ్గకుండానే ఇంజను నెమ్మదిస్తుంది. తర్వాత స్టూడిబేకర్లు, రాంబ్లర్లు దాన్ని పెట్టుకుని పొదుపు పందేలలో పేరు తెచ్చుకున్నాయి. అవును, పొదుపుకి కూడా పందేలుండేవి! 1936లో మొదలై, మధ్యలో యుద్ధకాలంలో ఆగి, 1968 దాకా సాగాయి. ఎవరు ముందు చేరారన్నది కాదు, ఎవరు తక్కువ పెట్రోలుతో చేరారన్నదే లెక్క. 1950ల చివరికి ఆడవాళ్ళూ ఆ పందేలలో స్టీరింగు పట్టారు. చమురు కొలిచి పోసే చెయ్యి కదా!

కండల కార్ల మోజులో ఆ గేరుని అటకెక్కించారు. 1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధం వచ్చి అరబ్బు దేశాలు అమెరికాకి చమురు ఆపేసేదాకా అది ఎవరికీ గుర్తు రాలేదు. బంకుల ముందు బారులు. కొన్ని రాష్ట్రాల్లో కారు నంబరు సరిసంఖ్య అయితే ఒకరోజు, బేసి అయితే మరోరోజు. 1974 జనవరిలో, గంటకి 55 మైళ్ళు మించరాదని దేశమంతటికీ చట్టం. ఆ సెగ మనకీ తగిలింది. పెట్రోలు ధర పెంచినందుకు నిరసనగా 1973 నవంబరులో వాజ్‌పేయిగారు పార్లమెంటుకి ఎడ్లబండి మీద వెళ్ళడం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పాత జి.టి.ఓ. వరస 1974తో ఆగిపోయింది. 1975 చివర్లో కొత్త కార్ల మైలేజీకి అమెరికా చట్టం చేసింది. సగటున గ్యాలనుకి 1978కి 18, 1985కి 27.5 మైళ్ళు రావాలని. అప్పుడు దించారు అటక మీది గేరుని. 1982లో జనరల్ మోటార్స్ వాళ్ళు 700 ఆర్4 అనే ఆటోమేటిక్ గేరుపెట్టె తెచ్చారు. అందులో నాలుగోది ఓవర్‌డ్రైవే. ఇంజను వందచుట్లు తిరగాల్సిన చోట డెబ్బై చాలు.

మా ముసలాయన మనవడి సాయంతో బిగిస్తున్నది ఆ గేరుపెట్టెనే. మూడువేల చుట్లు రెండువేల వందకి దిగుతాయి. దాంతోపాటు స్పార్కు పడే సమయం సరిచేశాడు, టైర్లలో గాలి సరిచూశాడు, స్టీరింగు కింద చిన్న గడియారం లాంటిది తగిలించాడు. ఇంజను గాలి పీల్చే ఒత్తిడిని చూపిస్తుందది. పాదం బరువెక్కితే ముల్లు పడిపోతుంది. దాన్ని గమనించే పని భార్యకి అప్పగించాడు. ఆవిడ వద్దనలేదు.

నేను తిరిగి రావడానికి వారం ముందు వాళ్ళు ప్రయాణమయ్యారు. మూడోరోజు తిరిగొచ్చి, మావాడు ఇంకా కారు దగ్గరికి చేరుకోకముందే ముసలాయన అరిచి చెప్పాడు. అక్క ఇంటి గుమ్మంలో దిగేటప్పటికి టాంకులో ఇంకా మూడు గ్యాలన్లు పైనే ఉందట. గ్యాలనుకి దాదాపు 17 మైళ్ళన్నమాట.

"ఆ గేరుపెట్టెకి పోసిన డబ్బుతో ఇరవయ్యేళ్ళు పెట్రోలు పోయించుకోవచ్చు" అంది ఆవిడ, ఒళ్ళో అక్కగారిచ్చిన టమాటా మొక్కల కుండీ పట్టుకుని కారు దిగుతూ. "అయినా బాగుందిలెండి. ఈసారి దారంతా ఒకరి మాట ఒకరికి వినిపించింది."