ఉద్దానపు ఆడపడుచు సాసుమాన గున్నమ్మ

మదరాసు నుండి కలకత్తా పోవు రైలు మార్గములో పలాస దాటిన పిమ్మట కుడివైపు చూచినచో కొబ్బరి తోటలు, పనస చెట్లు, జీడిమామిడి తోపులు సముద్రము దాక ఎడతెగక కనిపించును. ఎడమవైపు చూచినచో మహేంద్రగిరి. తోటలున్న ఆ తీరప్రాంతమును ఉద్దానమందురు. ఉద్యానమను మాటయే ప్రజల నోట ఉద్దానమైనది. జలంత్రకోట మొదలు టెక్కలి దాక ఈ కొండలకు, ఆ సముద్రమునకు నడుమనున్న భూమి యంతయు ఒకప్పుడు జమీందారీలుగ పంచబడియున్నది. అందులో మందస ఒకటి. మందసకు సమీపమున గుడారి రాజమణిపురమను గ్రామమున్నది. 1940 ఏప్రిల్ 1వ తేదీన ఆ గ్రామములో పోలీసుల తుపాకి గుండ్లకు సాసుమాన గున్నమ్మ అను రైతు యువతి నేలకొరిగినది.

నేడామెను అందరును వీరగున్నమ్మ అందురు. ఆమెకు స్మారక స్తూపమున్నది. ఏటేట ఏప్రిల్ 1న అచ్చట జనులు గుమిగూడి పూలదండలు వేయుదురు. ఆ గౌరవము తగినదే. అయినను మేము ఈ ప్రసంగములో తలచుకొనదలచినది ముఖ్యముగా ఆ 'వీర' శబ్దమునకు ముందున్న గున్నమ్మను.

ఆమె పేరుతోనే మొదలుపెట్టుదము. గున్న అనగా చిన్నది, లేతది. గున్నమామిడి, గున్నయేనుగు అను మాటలు శ్రోతలకు తెలియనివి కావు. శ్రీకాకుళపు పల్లెలలో గున్నమ్మలు, గున్నయ్యలు ఇంటింటను కనిపింతురు. పెద్దల మాటలో ఆడపిల్ల 'గుంట'. పది మంది గుంటలలో ఒక గుంట అనిపించుకొనుటకు తగిన పేరే గాని, పాలరాతి మీద చెక్కుటకై పెట్టిన పేరు గాదు.

ఎదిగిన బిడ్డ కన్నుమూసిన ఇంటిలో తల్లి ఏమి తలచుకొనునో మనమందరము ఎరిగినదే. కడపటి దినమును గురించి ఆమె ఎక్కువగ మాటలాడదు. బిడ్డ ఏ అరుగు మీద కూర్చుండి తల దువ్వుకొన్నదో, అంబలిలో ఉప్పు ఎంత వేసికొన్నదో, ఏ మాటకు కోపగించినదో, అవి చెప్పును. చరిత్ర వ్రాయువారి పద్ధతి దీనికి తలక్రిందులు. వారు కడపటి దినమును ముందు వ్రాసి, దానికి ముందున్న ఇరువది యేండ్లను ఒక వాక్యములో ముగింతురు. గున్నమ్మ విషయములో జరిగినదియు నిదియే. ఆమె బ్రతుకునకు మనము చేరవలెనన్న దారి ఒకటే యున్నది. అది అడవి దారి. ఏ మోపు కట్టెల కొరకు ఆ గ్రామము తుపాకుల యెదుట నిలిచినదో, ఆ మోపు ఒక రైతు ఇంటి ఆడుదాని దినములో ఎంత చోటు ఆక్రమించినదో తెలిసికొనవలెను.

మందస జమీలోని రైతు కుటుంబమునకు అడవి లేనిదే పొద్దు గడవదు. నాగలికి మేడి కావలెను, ఎద్దులకు కాడి కావలెను, బండికి ఇరుసు కావలెను, ఇంటి కప్పునకు వాసాలు కావలెను. ఇవన్నియు మగవాని లెక్కలో ఏడాదికొకసారో రెండు మారులో వచ్చు అవసరములు. ఆడుదాని లెక్క వేరు. పొయ్యి రోజునకు రెండు మారులు రాజవలెను. చోడి అంబలి కాగవలెను, గంజి వార్చవలెను, బాలెంతకు నీళ్లు కాచవలెను, వర్షాకాలమునకు ఎండుకట్టె ముందుగనే అటక యెక్కవలెను. కావున తెల్లవారకముందే కొడవలియు త్రాడును తీసికొని, ఇరుగు పొరుగు అమ్మలక్కలతో కలిసి కొండదారి పట్టుట, ఎండు పుల్లలు ఏరి మోపు కట్టుట, నెత్తిపై చుట్టకుదురు పెట్టి దానిమీద మోపెత్తుకొని ఎండ ముదరకముందే ఇల్లు చేరుట, ఇది ఆ ప్రాంతపు స్త్రీకి నిత్యకృత్యము. తోడుగా అడ్డాకులు, చింతపండు, పశువులకు పచ్చిమేత. ఆ దారిలోనే ఇంటి కష్టములు చెప్పుకొందురు, పరిహాసములాడుకొందురు, పెండ్లి సంబంధములు కూడ మాటలాడుకొందురు. మేమనుకొనుట, ఊరిలోని స్త్రీలు ఒకరి మీద ఒకరు నమ్మిక పెంచుకొనుటకు అంతకు మించిన సభాస్థలి మరొకటి లేదు. గున్నమ్మ తరము వారు ఒకరినొకరు ఎరిగినది అచ్చటనే.

ఈ నిత్యకృత్యమునకు మధ్య దివాణము అడ్డు నిలిచినది.

దాని మూలము దూరమున నున్నది. 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు ప్రకారము జమీందారు ఏటేట కుంఫిణీకి నిర్ణీతమైన పేష్కషు చెల్లించి, తక్కిన దానికంతటికి తాను ప్రభువైనాడు. 1908 నాటి మదరాసు ఎస్టేట్ల భూమి చట్టము రైతునకు తాను సాగుచేయు భూమిపై కొంత స్థిరమైన హక్కు కలిగించినది. కాని అడవి సాగుభూమి కాదు గదా! తాతల నాటి నుండి వాడుకొనుచున్న కొండ, బీడు, పుల్ల, ఆకు దివాణపు సొత్తుగనే మిగిలినవి. రుసుము కట్టనిదే కట్టె తేరాదు. కొన్ని వేళల రుసుము కట్టెదమన్నను తేరాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు పాత గంజాము జిల్లా చీలి, మందస, టెక్కలి, తర్ల మొదలైన దక్షిణ భాగములు విశాఖపట్టణము జిల్లాలో చేరినవి. జిల్లా మారినది, కచేరీ మారినది. దివాణము మాత్రము మారలేదు. ఆ మార్పునకు సరిగ నాలుగేండ్లకు, అదే తేదీన, గున్నమ్మ మరణించుట చరిత్రలో కనిపించు వింత కలయికలలో ఒకటి. అందులో అర్థము వెదకుట మా ఉద్దేశము కాదు.

అదే 1936 ఏప్రిల్ నెలలో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినది. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, మన ఆచార్య రంగా కార్యదర్శి. మరుసటి యేడు ఇచ్ఛాపురము నుండి రైతు రక్షణ యాత్ర బయలుదేరి, ఊరూర సభలు జరుపుచు 1938లో మదరాసు చేరినది. బారువలో పుట్టిన గౌతు లచ్చన్న ఈ ప్రాంతపు రైతులను కూడగట్టిన వారిలో ముఖ్యుడు. రెవిన్యూ మంత్రిగానున్న టంగుటూరి ప్రకాశం పంతులు అధ్యక్షతను జమీందారీ విచారణ సంఘమేర్పడి, శిస్తులతో పాటు అడవి, బీడు, నీటి హక్కులను కూడ విచారించి, 1938లో నివేదిక సమర్పించినది. రైతులకు అనుకూలమైన నివేదిక అది. అది చట్టమగుటకు మునుపే యుద్ధము వచ్చినది. 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా చేసినది. దివాణమునకు ఊపిరి వచ్చినది. నివేదికలో తమ హక్కు వ్రాయబడియున్నదని విన్న రైతు మాత్రము, వినని వాడు కాజాలడు.

1940 మార్చి నెలను ఒకమారు తలచుకొనుడు. 13వ తేదీన లండనులో ఉద్ధమ్ సింగ్ తుపాకి పేల్చి ఓడ్వయరును చంపినాడు. 19, 20 తేదీలలో రాంగఢ్‌లో కాంగ్రెసు మహాసభ. అచ్చటనే సుభాష్ చంద్ర బోసు నడిపిన పోటీ సభ. 23న లాహోరులో ముస్లిం లీగు తీర్మానము. వీటి వెనువెంటనే 26, 27 తేదీలలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ అయిదవ మహాసభ జరిగినది. దానికి అధ్యక్షుడుగ ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయనుని ప్రభుత్వము ముందుగనే నిర్బంధించినది. అయినను సభ ఆగలేదు. ఉద్దానపు పల్లెల జనులు తమ గుమ్మములోనికి దేశమే నడిచివచ్చినట్లు భావించియుందురు. అడవి హక్కు న్యాయమైనదని వేలాది మంది యెదుట చెప్పగా విని ఇండ్లకు మరలినారు.

మహాసభ ముగిసినది. దూరప్రాంతముల వారు రైలెక్కి తమ తమ ఊళ్లకు వెళ్లిపోయినారు. ఊరివారు ఊరిలోనే మిగిలినారు. ఇది ఎవరిని ఆక్షేపించుటకు చెప్పునది గాదు. సభలు జరుపువారికి సభలు, ఊళ్లలో నిలుచువారికి ఊళ్లు. కాని 27వ తేదీకిని 1వ తేదీకిని నడుమనున్న ఆ అయిదు దినములే మందస కథలో మిక్కిలి బరువైనవని మేము తలతుము. తీర్మానము కాగితము మీద నుండి కొండ మీదికి ఎక్కవలసిన దినములవి.

రైతులు అడవికి వెళ్లి కట్టె కొట్టి తెచ్చుకొన్నారు. దివాణము పోలీసులను పిలిపించినది. ఏప్రిల్ 1న పోలీసులు రైతులను నిర్బంధించుటకై గుడారి రాజమణిపురము వచ్చినారు. పట్టుకొన్న వారిని తీసికొని పోనీయక గ్రామస్థులు అడ్డుపడినారు. అడ్డుపడిన వారి ముందు వరుసలో గున్నమ్మ యున్నది. తుపాకులు పేలినవి. గున్నమ్మయు, మరి కొందరు రైతులును ప్రాణములు విడిచినారు.

ఇంతకు మించి వర్ణింప మాకు మనసొప్పదు. వేదికల మీద ఈ ఘట్టమును చెప్పువారు ఆమె నోట పెద్ద పెద్ద మాటలు పలికించుట కలదు. ఆ అలంకారము ఆమెకు అక్కరలేదు. తెల్లవారుజామున కలిసి కట్టెకు పోవు వారిలో ఒకరి ఇంటి మగవానిని పట్టుకొని పోవుచుండగా, తక్కిన వారు గడప దాటి బయటికి వచ్చుటకు ఉపన్యాసము వినవలసిన పనిలేదు. ఇరుగుపొరుగు అను మాటకు ఆ పల్లెలలో ఉన్న అర్థము చాలును.

మదరాసులో రేడియో కేంద్రము వెలసి అప్పటికి రెండేండ్లు నిండలేదు. 1938 జూన్ 16న కదా అది ప్రారంభమైనది! యూరపులో యుద్ధవార్తలు ప్రతి సాయంకాలము పట్టణములలోని కొద్ది ఇండ్లకు చేరుచున్న దినములవి. మందస పల్లెల వార్త మాత్రము మనిషి నుండి మనిషికి, సంత నుండి సంతకు నడిచినది. రేడియో కొలువులో నున్నవారము గనుక ఈ సంగతి మా మనసును కొంచెము గుచ్చును.

మన తెలుగునాట అడవి కొరకో, భూమి కొరకో వయసులోనే పోయిన వారు ఇంకను కలరు. పల్నాటిలో పశువుల మేతకు పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతు 1922లోను, మన్యములో అల్లూరి సీతారామరాజు 1924 మే 7నను, తెలంగాణములో కడవెండి గ్రామపు దొడ్డి కొమరయ్య 1946 జూలై 4నను తుపాకులకు బలియైనారు. సీతారామరాజు పోవునాటికి ముప్పది యేండ్లైన నిండలేదు. కన్నతల్లి బ్రతికియుండగనే పోయినాడు. హనుమంతు ఊరికి పెద్ద, రాజు దండునకు నాయకుడు. గున్నమ్మ ఏ దండునకును నాయకురాలు కాదు. అందుచేతనే మాకామె మరింత దగ్గరగ తోచును. మన ఇంటి గడప దాటి బయటికి వచ్చిన పిల్లవలె.

తరువాతి కథ త్వరగ చెప్పవచ్చును. 1948లో మదరాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టము చేసినది. మందసతో పాటు ఈ జమీందారీలన్నియు ప్రభుత్వపరమైనవి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా ఏర్పడినది. సాగుభూమి రైతునకు దక్కినది. అడవి మాత్రము దివాణము నుండి ప్రభుత్వమునకు మారినది. అనగా కట్టెకు పోవు స్త్రీ అడుగవలసిన గుమ్మము మారినదే గాని, అడుగవలసిన అవసరము పోలేదు. అడవిపై బ్రతుకువారి సాంప్రదాయికమైన హక్కులను చట్టము పేరు పెట్టి గుర్తించుటకు 2006 దాక పట్టినది.

నేడు ఉద్దానపు వంటిండ్లలో గ్యాసు పొయ్యిలు వెలుగుచున్నవి. చుట్టకుదురు అనగానేమని మనుమరాలు అడుగు దినములు వచ్చినవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరమునే తాకి లక్షల చెట్లను కూల్చినపుడు, పడిన కొబ్బరి మ్రాకులను ఎత్తి పారవేయుటయే ఉద్దానమునకు పెద్ద పనియైనది. ఒక మోపు ఎండుపుల్లల కొరకు ప్రాణములు పోయిన చోట, కట్టె కుప్పలుగ పడియుండి అడుగువాడు లేక కుళ్లినది.

మందస మండలములో వీరగున్నమ్మపురమను పేరు ఆమె వలన వచ్చినదే. ఆ ఊరిలో పుట్టిన బిడ్డ పుట్టిన స్థలము వ్రాయవలసినను, ఆ ఊరి పెండ్లికి శుభలేఖ అచ్చు వేయింపవలసినను, దూరదేశమున కూలికి పోయిన వాడు ఇంటికి ఉత్తరము పంపవలసినను, ముందు గున్నమ్మ పేరు వ్రాయవలసినదే.