పట్టణాలు దిద్దే చదువు

మన వాకాడు మండలంలోని దుగరాజపట్నం పేరు పెన్షనరు మిత్రులందరికీ తెలిసినదే. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1626లో అక్కడ స్థావరం పెట్టి, ఆర్మగాన్ అని పిలుచుకుంటూ కోట కట్టుకున్నారు. బట్టల వ్యాపారం అనుకున్నట్లు సాగలేదు. ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెళ్ళి 1639లో మద్రాసు స్థలానికి అనుమతి సంపాదించాడు, మరుసటి ఏడాది కొలువంతా అక్కడికి తరలిపోయింది. ఒక రేవు పల్లెగా మిగిలింది, ఇంకొకటి మహానగరమైంది. ఎందుకని విద్యార్థి అడిగితే ఏ మాస్టారు చెప్పాలి? చరిత్ర వారా, వర్తకశాస్త్రం వారా, ఇంజనీరా? పట్టణ ప్రణాళిక డిగ్రీకి మొదటి చిక్కు ఇదే. అన్నీ తెలిసిన గురువు దొరకడు, తలా ఒక ముక్క చెబితే అతుకు కుదరదు.

లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఈ చదువుకు 1909లో ఒక శాఖ పెట్టారు. మన దేశపు పట్టణాలను కాలినడకన తిరిగి పరిశీలించిన పాట్రిక్ గెడిస్ 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో చేరింది సమాజశాస్త్ర ఆచార్యుడిగా! మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం 1920లోనే వచ్చింది. ఢిల్లీలో కేంద్రప్రభుత్వం ఈ విద్యకు ప్రత్యేక పాఠశాల తెరిచింది మాత్రం 1955లో. మన విజయవాడ సంస్థ 2008లో మొదలైంది, 2014 చట్టంతో జాతీయ హోదా పొందింది.

నేను పనిచేసిన మునిసిపాలిటీలో కొంతకాలం టౌన్ ప్లానింగు సెక్షను ఫైళ్ళు నా సీటులో ఉండేవి. కొత్తగా డిగ్రీతో వచ్చిన కుర్రవాడు రంగురంగుల షీట్లు ముచ్చటగా గీసేవాడు. ఎఫ్.ఎం.బి., అడంగలు ముందు పెడితే మాత్రం తికమకపడేవాడు. తప్పు అతనిది కాదు, ఎవరూ చూపలేదు. వాగు పోరంబోకు ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా లేఅవుటు మీద సంతకం పెడితే, వానాకాలం నీళ్ళు ఎవరింట్లోకి వస్తాయో వేరే చెప్పాలా? అలాగే మ్యాపులో తెల్లగా కనిపించే ఇసుకనేల ఖాళీ జాగా కాదు, అక్కడ మన మత్స్యకారులు వలలు ఆరబెట్టుకుంటారు. వారితో తెలుగులో మాట్లాడి రాసుకోవడం కూడా పాఠమే కావాలి గదా.

ఇంత కష్టపడి చదివాక కొలువు సంగతి? నీతి ఆయోగ్ 2021 నివేదిక ప్రకారం 7,933 పట్టణ ఆవాసాలలో 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదు. పని కొండంత ఉంది. అయినా చాలాచోట్ల టౌన్ ప్లానరు పోస్టుకు ఆ డిగ్రీ తప్పనిసరి కాదని అదే నివేదిక తేల్చింది. ఇక తెలివైన పిల్లలు కంప్యూటర్ల వైపు పోతే తప్పు పట్టగలమా?

దుగరాజపట్నంలో పెద్ద రేవు మొదటి దశ 2018కి పూర్తి కావాలని 2014 విభజన చట్టంలో రాసుకున్నారు. అది జరగలేదు. ఎప్పటికైనా రేవో, మరో పరిశ్రమో వస్తే దాని వెనుక ఊరు పెరుగుతుంది. ఆ ఊరికి గీత గీసేవాడు మన పిల్లవాడైతే బాగుండునని నా ఆశ. మన సంఘంలో సర్వే, రెవెన్యూ శాఖలలో చేసినవారు ఉన్నారు. ఈ చదువు చదివే పిల్లలు మీ ఇళ్ళలో ఉంటే సెలవుల్లో పంపండి, ఎఫ్.ఎం.బి. చదవడం మేము నేర్పుతాము.