పులుపు ముందు, కారం తర్వాత: చేప వేపుడు పుట్టుపూర్వోత్తరాలు

తిరుపతి, చిత్తూరు ఇళ్లలో చేప వేపుడు అంటే ముందు గుర్తొచ్చేది ఎర్రటి పూత. కారం, పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, వాటిలోకి కాస్త చింతపండు గుజ్జో నిమ్మరసమో కలిపి ముక్కలకు పట్టించి, కాసేపు ఊరనిచ్చి పెనం మీద వేయిస్తారు. ఆ ఎరుపే ఈ వంటకు ప్రాణమని చాలామంది నమ్మకం. కానీ ఈ పూతలో పాతకాపు పులుపు. కారం ఎంతో ఆలస్యంగా వచ్చి చేరింది.

ఇందుకు మంచి సాక్ష్యం 'మానసోల్లాసం'. కల్యాణి రాజధానిగా ఏలిన పశ్చిమ చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దిలో రాసిన సంస్కృత గ్రంథం అది. రాజభోగాలను, వినోదాలను వర్ణిస్తూ ఆయన గాలం వేసి చేపలు పట్టే విద్యనూ వదల్లేదు, వంటనూ వదల్లేదు. చేపను ముక్కలు కోసి, బాగా కడిగి, చింతపండు రసంలో ఉడికించాలంటాడు. తర్వాత గోధుమపిండి చల్లి, కాగిన నూనెలో రంగు తేలేదాకా వేయించి, పైన సైంధవలవణం, ఏలకుల పొడి, మిరియాల పొడి చల్లాలి. తొమ్మిది వందల ఏళ్ల కిందటి పద్ధతి ఇది! పులుపు, పిండిపూత, నూనె, మసాలా పొడులు అన్నీ ఉన్నాయి. లేనిది మిరపకాయ ఒక్కటే. అప్పటికి అది అమెరికా ఖండం దాటి రాలేదు.

రాజుల వంటిళ్ల సంగతి అలా ఉంచి మన ఊళ్లకు వద్దాం. ఇక్కడ చేప అంటే తరతరాలుగా చెరువు చేపే. స్వర్ణముఖి, అరణియార్, నీవా వంటి నదులున్నా ఏడాదిలో ఎక్కువ నెలలు వాటిలో ఇసుకే కనిపిస్తుంది. నీళ్లు నిలిచేది చెరువుల్లోనే. తిరుమల ఆలయానికి భక్తులిచ్చిన కానుకల సొమ్ముతో విజయనగర కాలంలో ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించినట్టు శాసనాలు చెబుతున్నాయి. తిరుపతికి దగ్గర్లోని రాయలచెరువును శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదిగా చెప్పుకుంటారు. ఎండాకాలంలో నీరు అడుగంటితే ఊరంతా చెరువులో దిగేది. కొరమేను, జెల్ల, వాలుగ, చిన్నాచితకా పరకలు, ఏవి దొరికితే అవి సట్టిలోకి చేరేవి.

అలా అడుగంటిన నీటిలో పట్టిన చేపకు మట్టివాసన ఉంటుంది. తొలకరి జల్లుకు నేల వాసన గుప్పుమంటుంది చూడండి, దానికి కారణమైన జియోస్మిన్ అనే పదార్థమే ఇక్కడా కారణం. మట్టిలోని సూక్ష్మజీవులు, నీటిలోని నాచు లాంటి జీవులు దాన్ని తయారుచేస్తే, చేప మొప్పల గుండా ఒంట్లోకి తీసుకుంటుంది. వానలో హాయిగా ఉండే ఆ వాసన పళ్లెంలో భరించలేం. దానికి విరుగుడు పులుపే. ఆమ్లం తగిలితే జియోస్మిన్ విరిగి వాసన పోతుంది. మన పెద్దవాళ్లకు ఆ పేరు తెలియకపోయినా పని తెలుసు. కొరమేను జిగురు పోయేలా బూడిదతో రుద్దడం, రాళ్లుప్పు, పసుపు వేసి కడగడం, మజ్జిగలో కాసేపు ఉంచడం, చింతపండు పట్టించడం, ఇవన్నీ అందుకే. నన్నడిగితే మన చేపల మసాలా పుట్టింది ఇక్కడే, రుచి కోసం కంటే ముందు శుభ్రం కోసం. రుచి ఆ వెంటే వచ్చింది.

మిరప కథ అందరికీ తెలిసిందే. 1498లో పోర్చుగీసు ఓడలు కాలికట్ చేరాక, ఆ తర్వాతి కాలంలో మన తీరాలకు దిగిన పంట అది. గోవాలో పోర్చుగీసులు మిరపతో పాటు వెనిగర్‌లో ఊరబెట్టే తమ అలవాటునూ వదిలివెళ్లారు. మన వైపు వెనిగర్ అవసరమే పడలేదు, ఊరూరా చింతచెట్లుండగా. మిరియాల చోట మిరప కూర్చుంది గానీ చింతపండు చోటు ఎవరికీ దక్కలేదు. నిమ్మకాయ మాత్రం పక్కన కాస్త చోటు సంపాదించింది, గూడూరు మార్కెట్ అంత దగ్గర్లో ఉంది మరి.

ఇక నూనె. చెనిక్కాయ కూడా దక్షిణ అమెరికాదే. అది మన మెట్టభూముల్లో పరుచుకున్నాకే నూనె కాస్త ధారాళంగా పొయ్యి దగ్గరికి వచ్చిందని చెప్పొచ్చు. రాగిసంగటికి చేపల పులుసు తోడైనంత సహజంగా వేపుడు తోడు కాకపోవడానికి ఇదొక కారణమై ఉంటుందని నా అనుమానం.

సముద్రం చేప రాక మరో మలుపు. 1856లో మద్రాసు రాయపురం నుంచి తొలి రైలు కదిలింది. తర్వాత కొన్నేళ్లకే పట్టాలు రేణిగుంట మీదుగా సాగాయి. మద్రాసుతో మనకున్న ఆ బంధం వల్లే వంజరం మన వేపుళ్లకు రాజైంది. దాని సమస్య మట్టివాసన కాదు, నీచువాసన. అందుకు కారణమైన అమైన్‌ను కూడా పులుపే కట్టిపడేస్తుంది. చేప మారినా మందు మారలేదు.

ముల్లు తీసేసిన ఫిల్లెట్ మాత్రం మన వంటింట్లో నిన్నమొన్నటి చుట్టం. కొరమేను ఫిల్లెట్లతో చేసే అపోలో ఫిష్ హైదరాబాద్ హోటళ్ల నుంచి మన దాకా వచ్చింది. ఆ వెనకే ఫ్రీజర్లలో బాసా దిగింది. ఇక్కడ పాత అలవాటు కాస్త మార్చుకోక తప్పదు. ముల్లున్న అడ్డకోత ముక్క గంటసేపు ఊరినా గట్టిగానే నిలుస్తుంది. ఫిల్లెట్‌ను పట్టి ఉంచే ముల్లు లేదు, కండ సున్నితం. పులుపులో ఎక్కువసేపు ఉంటే పైపొర తెల్లబడి పొడిపొడిగా రాలిపోతుంది. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. మసాలా ఎంతసేపు ఉంచినా పైపైనే ఉంటుంది, లోపలికి దిగేది ముఖ్యంగా ఉప్పే. కాబట్టి ఉప్పు, పసుపు ముందు పట్టించి, పులుపు, కారం వేయించే ముందు కలపడం మేలు. ఫ్రీజర్ చేపయితే ఫ్రిజ్‌లోనే మెల్లగా కరగనిచ్చి, గుడ్డతో తడి పూర్తిగా అద్దాలి. తడి ఉంటే ముక్క వేగదు, ఉడుకుతుంది. పెనం బాగా కాలాక వేసి, అడుగు గట్టిపడేదాకా కదపకుండా, ఒక్కసారే తిప్పాలి.

ఊరి చెరువు బొచ్చె, శీలావతి దొరికిన రోజు మాత్రం ఫిల్లెట్ ఆలోచన మానుకోండి. వాటి కండలో చీలిన సన్నముళ్లు దాగి ఉంటాయి, నిలువుగా కోస్తే ఏరడం కష్టం. అడ్డంగా అరంగుళం మందాన కోయించి, చింతపండు చిక్కగా పిండి పట్టించండి.