దిద్దలేని చిట్టా ఎంబీఏ క్లాసుకు వచ్చిన కథ

2021 మార్చి 8, సోమవారం. డబ్బు పంపుదామంటే ఓటీపీ రాదు. ఆధార్ సేవలకూ రాదు. వారం కిందటే అరవై దాటినవాళ్లకు మొదలైన కోవిడ్ టీకా నమోదుకూ రాదు. ఢిల్లీ శివారు వైశాలిలోనూ అదే గొడవ, విజయవాడలోనూ అదే గొడవ. హ్యాకింగేమోనని కొందరు, సర్వర్లు కూలాయేమోనని కొందరు. రెండూ కాదు. వ్యాపార సంస్థలు పంపే ప్రతి ఎస్సెమ్మెస్‌నూ, బ్లాక్‌చెయిన్ అనే దిద్దలేని చిట్టాలో ముందే నమోదైన నమూనాతో టెలికాం కంపెనీలు ఆ రోజు నుంచి సరిచూడటం మొదలుపెట్టాయి. సరిపోలని సందేశాన్ని ఆపేశాయి. పెద్ద బ్యాంకులతో సహా చాలా సంస్థలు నమూనాలు పూర్తిగా నమోదు చేయించుకోలేదు. మర్నాడే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ తనిఖీని ఏడు రోజులు వాయిదా వేసింది.

బిజినెస్ స్కూల్లో బ్లాక్‌చెయిన్ చెప్పేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదని నా అభిప్రాయం. పాఠం మాత్రం మామూలుగా బిట్‌కాయిన్ ధరతోనే మొదలవుతుంది. వైశాలి చుట్టుపక్కల, అంటే ఘజియాబాద్, నోయిడా, గ్రేటర్ నోయిడాల్లో పీజీడీఎం, ఎంబీఏ కాలేజీలకు కొదవ లేదు. ఫిన్‌టెక్ పేరుతోనో బ్లాక్‌చెయిన్ పేరుతోనో ఎలెక్టివ్ తీసుకున్న తెలుగు పిల్లలు ఎదురైతే అడిగేది ఒకటే: "అంకుల్, కోడింగ్ రానివాళ్లకు ఇది పనికొస్తుందా?" పనికొస్తుంది. ఈ విద్యకు మూలం కోడింగ్ కాదు, అనుమానం.

1980ల చివర్లో అమెరికాలో ఒక జీవశాస్త్ర ప్రయోగశాల నోటుపుస్తకాల మీద రచ్చ జరిగింది. అందులోని అంకెలు కల్పితమని ఆరోపణ. ఆ పరిశోధనా పత్రం రాసినవాళ్లలో నోబెల్ గ్రహీత డేవిడ్ బాల్టిమోర్ ఉండటంతో వ్యవహారం అమెరికా కాంగ్రెస్ దాకా పోయింది. ఆరోపణలు 1996లో వీగిపోయాయి గానీ, అప్పటికే ఆ గొడవ ఇంకొకరికి నిద్ర పట్టకుండా చేసింది. న్యూజెర్సీలోని బెల్‌కోర్ పరిశోధనాలయంలో పనిచేసే స్కాట్ స్టోర్నెట్టాకు ఒక సందేహం వచ్చింది. కాగితం మీద దిద్దితే సిరా తేడా అయినా కనిపిస్తుంది. రేపు లెక్కలన్నీ కంప్యూటర్లోకి పోతే, దిద్దిన ఆనవాలే ఉండదు కదా?

ఆయన సహోద్యోగి స్టువర్ట్ హేబర్ క్రిప్టోగ్రఫీ తెలిసిన మనిషి. ఇద్దరూ కూర్చున్నారు. మధ్యలో ఒక పెద్దమనిషిని పెడదాం, ప్రతి ఫైలుకూ తేదీ ముద్ర వేస్తాడు. సరే, ఆ పెద్దమనిషే డబ్బు తిని తేదీ మారిస్తే? ఆయన మీద ఇంకొకరిని పెడదాం. ఆ ఇంకొకరి మీద? ఎంత పైకి పోయినా ఎవరో ఒకరిని గుడ్డిగా నమ్మక తప్పడం లేదు. విసిగిపోయి, ఇది సాధ్యం కాదని రుజువు చేయడానికే పూనుకున్నారు. మోరిస్‌టౌన్‌లో ఫ్రెండ్లీస్ అనే హోటల్‌కు కుటుంబంతో వెళ్లినప్పుడు స్టోర్నెట్టాకు మెరుపులా తట్టింది: ఒకరినే నమ్మాలన్న చోట అందరినీ సాక్షులుగా పెడితే? అప్పుడు దొంగలెక్క రాయాలంటే లోకమంతా కుమ్మక్కు కావాలి.

వాళ్ల పద్ధతి ఇదీ. ఏ ఫైలునైనా ఒక గణిత సూత్రంలోంచి పంపితే చిన్న అంకెల వరుస వస్తుంది. దాన్ని హ్యాష్ అంటారు. ఫైలులో ఒక్క కామా మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది. ప్రతి కొత్త పత్రం హ్యాష్‌లో దాని ముందుదాని హ్యాష్‌ను కూడా కలిపితే అదొక గొలుసు అవుతుంది. పాత పత్రాన్ని ముట్టుకుంటే ఆ తర్వాతి లంకెలన్నీ తెగుతాయి. 1991లో ఈ పద్ధతిని వివరించే వాళ్ల పరిశోధనా పత్రం జర్నల్ ఆఫ్ క్రిప్టాలజీలో అచ్చయింది. తర్వాత వాళ్లు ష్యూరిటీ అనే కంపెనీ పెట్టారు. 1995 నుంచి వారం వారం తమ గొలుసు హ్యాష్‌ను న్యూయార్క్ టైమ్స్‌లో, పోయినవి దొరికినవి ప్రకటనల పక్కన అచ్చు వేయించారు. అచ్చయిన పత్రిక కాపీలన్నీ తిరిగి తెచ్చి దిద్దడం ఎవరి తరం? బిట్‌కాయిన్ పుట్టడానికి పదమూడేళ్ల ముందే, ఒక్క నాణెం లేకుండా, బ్లాక్‌చెయిన్ దినపత్రికలో నడిచింది. విద్యార్థులకు చెప్పితీరాల్సిన సంగతి ఇదే.

2008 అక్టోబర్ 31న సతోషి నకమోటో పేరుతో ఎవరో బిట్‌కాయిన్ పత్రం బయటపెట్టారు. అందులో పేర్కొన్న ఆధారాలు ఎనిమిదే. మూడు హేబర్, స్టోర్నెట్టాలవి. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే గనుక దాన్ని వదిలేసి క్లాసుగదిలోకి పోదాం.

మొదట తలుపు తీసింది హార్వర్డూ కాదు, ఆక్స్‌ఫర్డూ కాదు. సైప్రస్‌లోని నికోసియా విశ్వవిద్యాలయం 2013లో బిట్‌కాయిన్‌తో ఫీజు తీసుకుంటామని ప్రకటించి, 2014లో డిజిటల్ కరెన్సీలో ఎమ్మెస్సీ మొదలుపెట్టింది. అంతకు ముందు ఏడాదే సైప్రస్ బ్యాంకులు కుప్పకూలి, డిపాజిటర్ల డబ్బుకు కోత పడింది. బ్యాంకు మీద నమ్మకం పోయిన ఊళ్లోనే ఈ కోర్సు పుట్టడం కాకతాళీయమని నేననుకోను. 2014లోనే న్యూయార్క్ యూనివర్సిటీ స్టెర్న్ బిజినెస్ స్కూల్లో డేవిడ్ యెర్మాక్, లా స్కూల్ ఆచార్యుడు జెఫ్రీ మిల్లర్ కలిసి బిట్‌కాయిన్ చట్టం, వ్యాపారం మీద కోర్సు చెప్పారు. 2018లో ఎంఐటీ స్లోన్‌లో "బ్లాక్‌చెయిన్ అండ్ మనీ" చెప్పింది గ్యారీ గెన్స్‌లర్. మూడేళ్లు తిరక్కుండానే ఆయన అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ అధ్యక్షుడై క్రిప్టో కంపెనీలను కోర్టుకు లాగారు. ఆ పాఠాల వీడియోలు ఇప్పటికీ ఉచితంగా చూడొచ్చు. అప్పు చేసి ఫీజు కట్టేముందు ఒకసారి చూడండి.

మన దగ్గర 2018 మలుపు. ఫిబ్రవరి 1 బడ్జెట్ ప్రసంగంలో అరుణ్ జైట్లీ క్రిప్టోలు చెల్లుబాటు నాణేలు కావని చెబుతూనే, బ్లాక్‌చెయిన్‌ను మాత్రం ప్రభుత్వం ముందుండి పరిశీలిస్తుందన్నారు. ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు క్రిప్టో వ్యాపారులకు బ్యాంకు సేవలు బంద్ చేయించింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సిలబస్‌లు రాసేవాళ్లకు అప్పటికే సంకేతం అందింది: కాయిన్ వద్దు, చెయిన్ ముద్దు. ఐఐటీ ఖరగ్‌పూర్, ఐబీఎం పరిశోధకులతో కలిసి ఎన్‌పీటెల్‌లో బ్లాక్‌చెయిన్ కోర్సు తెచ్చింది 2018లోనే. రిపుల్ సంస్థ విశ్వవిద్యాలయాలతో మొదలుపెట్టిన పరిశోధన పథకంలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ చేరిందీ అప్పుడే.

ఢిల్లీలో ట్రాయ్ వ్యాపార సందేశాల మీద కొత్త నిబంధనలు తెచ్చిందీ అదే ఏడాది, జులై 19న. అప్పటి ఛైర్మన్ ఆర్.ఎస్. శర్మ. అంతకు ముందు ఆధార్ సంస్థకు తొలి డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన మనిషి. వద్దన్నవాళ్లకు ప్రకటనలు పంపకూడదని 2010లోనే నియమం వచ్చింది. అయితే ఆ వద్దన్నవాళ్ల జాబితాతో సరిచూసుకునే పని ప్రకటనలు పంపే టెలీమార్కెటర్ల చేతిలోనే ఉండేది. కంచే చేను మేసింది. సరే, జాబితా ఎవరి దగ్గర ఉంచాలి? జియో రాసిన లెక్కను ఎయిర్‌టెల్ ఒప్పుకోదు. ఎయిర్‌టెల్ లెక్కను వొడాఫోన్ ఐడియా ఒప్పుకోదు. గిరాకీల కోసం కొట్టుకునేవాళ్లు ఒకే చిట్టా రాసుకోవాలి. బెల్‌కోర్‌లో ఆ ఇద్దరినీ వేధించిన చిక్కే ఇది.

అందుకని ప్రతి ఆపరేటరూ ఒక కాపీ ఉంచుకునే, అనుమతి ఉన్నవాళ్లే రాయగల బ్లాక్‌చెయిన్ వచ్చింది. సందేశాలు పంపదలచిన సంస్థ ఏదో ఒక ఆపరేటర్ దగ్గర తన పత్రాలు చూపి నమోదైతే 19 అంకెల గుర్తింపు వస్తుంది. దానికింద హెడర్, అంటే మన ఫోన్లో కనిపించే పంపినవాళ్ల పేరు, ఆ తర్వాత సందేశం నమూనా నమోదు చేయాలి. ఒక చోట రాస్తే అన్ని చోట్లా చెల్లుతుంది. ఇందులో తెలుగు నేల వాటా చిన్నదేం కాదు. హైదరాబాద్‌లో 1999లో మొదలైన తాన్లా అనే కంపెనీ, ట్రూబ్లాక్ పేరుతో ఇందుకో వేదిక కట్టింది. వొడాఫోన్ ఐడియా, బీఎస్ఎన్ఎల్ దాన్ని వాడుకున్నాయి.

నిబంధన వచ్చినా అమలు నత్తనడకే. 2020లో పేటీఎం మాతృసంస్థ, తమ పేరుతో మోసపు సందేశాలు పోతున్నా ఆపరేటర్లు ఆపడం లేదని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. నిబంధనలు కచ్చితంగా అమలు కావాలని 2021 ఫిబ్రవరిలో కోర్టు చెప్పింది. నెల తిరిగేసరికి ఓటీపీలు ఆగిన ఆ సోమవారం వచ్చింది. చెడింది సాఫ్ట్‌వేర్ కాదు. ఏ శాఖ ఏ సందేశం పంపుతోందో సంస్థలకే తెలియకపోవడం అసలు జబ్బు. దానికి మందు ప్రోగ్రామర్ దగ్గర లేదు, మేనేజర్ దగ్గర ఉంది. కోడింగ్ రాని ఎంబీఏకు ఇందులో పని ఏమిటన్న ప్రశ్నకు నా జవాబు ఇదే.

స్పామ్ పోయిందా అంటే, పోలేదు. మోసగాళ్లు మామూలు పది అంకెల నంబర్ల మీదికి మారారు. 2024లో ట్రాయ్ ఆదేశాలతో రెండున్నర లక్షలకు పైగా కనెక్షన్లు తెంచాల్సి వచ్చింది. రాసిన మాటను ఎవరూ చెరపకుండా చిట్టా కాపాడుతుంది. రాసిన మాట నిజమా అన్నది దానికి పట్టదు. ఆంధ్రప్రదేశ్ 2017లో అమరావతి భూముల రికార్డులను బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కించబోయినప్పుడు ఎదురైన ప్రశ్నా ఇదే: తప్పు పేరుతో ఎక్కిన పొలం శాశ్వతంగా తప్పు పేరుతోనే ఉంటే ఎలా?

వాల్‌మార్ట్ మామిడి పండ్ల కథ ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంటుంది. పండు ఏ తోటదో కనిపెట్టడానికి పట్టే దాదాపు ఏడు రోజులు బ్లాక్‌చెయిన్‌తో 2.2 సెకన్లకు తగ్గాయన్నది దాని సారాంశం. దాని పక్కనే ట్రేడ్‌లెన్స్ కథ ఉండాలి. ఓడ సరుకుల కాగితాల కోసం ఓడల కంపెనీ మేర్స్క్, ఐబీఎం కలిసి 2018లో తెచ్చిన బ్లాక్‌చెయిన్ వేదిక అది. 2022 నవంబర్‌లో మూసేస్తున్నామని ప్రకటించాయి. ప్రపంచమంతా కలిసి రావాల్సిన స్థాయిలో సహకారం కుదరలేదని వాళ్లే ఒప్పుకున్నారు. పోటీదారు సొంతంగా కట్టిన చావడిలో కూర్చుని తమ లెక్కలు విప్పడానికి మిగతా ఓడల కంపెనీలకు మనసెలా ఒప్పుతుంది? మన ఎస్సెమ్మెస్ చిట్టా నిలబడిందంటే పైన కర్ర పట్టుకుని ట్రాయ్ ఉండటం వల్లే. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ, హైదరాబాద్ స్టార్టప్ చిట్‌మంక్స్‌తో తెచ్చిన చిట్‌ఫండ్ల బ్లాక్‌చెయిన్ వేదిక టి-చిట్స్‌లోనూ అంతే. ఫోర్‌మన్‌నూ చందాదారులనూ ఒకే లెక్కకు కట్టి ఉంచేది రిజిస్ట్రారే. నియంత్రణ సంస్థ అక్కర్లేని లోకం కోసం పుట్టిందని చెప్పుకునే సాంకేతికత, ఇక్కడ నియంత్రణ సంస్థ వెన్నుదన్నుతోనే బతుకుతోంది. మన దేశంలో ఈ సబ్జెక్టు చదివేవాళ్లు ఈ వైరుధ్యాన్ని దాటేసి పోకూడదు.

కనుక ఎలెక్టివ్ ఎంచుకునే ముందు సిలబస్ అడిగి తీసుకోండి. అందులో ట్రాయ్ 2018 నిబంధనలు, ట్రేడ్‌లెన్స్ మూసివేత ఉన్నాయా చూడండి. రెండూ లేకుండా టోకెన్లు, మైనింగ్, ధరల గ్రాఫులే ఉంటే ఆ సీటు వదిలేసి కాంట్రాక్టు చట్టం తీసుకోండి. ఎక్కువ పనికొస్తుంది.