ఆల్డ్‌బరా మేయరు కుర్చీ

ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్ అనగానే బ్రిటన్‌లో పట్టా పొందిన తొలి మహిళా డాక్టరు గుర్తొస్తుంది. 1908 నవంబరులో, 72 ఏళ్ల వయసులో, సఫోక్ తీరంలోని చిన్న ఊరు ఆల్డ్‌బరాకి ఆమె మేయరయింది. ఇంగ్లండులో ఏ స్త్రీ అయినా మేయరు కావడం అదే మొదలు.

ఆ కుర్చీలో అంతకుముందు తండ్రి న్యూసన్ గారెట్ కూర్చున్నాడు. ఓడల కంపెనీ భాగస్వామి అయిన భర్త జేమ్స్ కూడా కూర్చున్నాడు. భర్త 1907లో పోయాడు. కాబట్టి ఇది వారసత్వమే అనెయ్యడం తేలిక. కానీ స్త్రీలు కౌన్సిలర్లూ మేయర్లూ కావచ్చనే చట్టం అదే 1907లో రాకపోయుంటే ఆ వారసత్వం ఆమెకి అందేదే కాదు. కొడుకులకి అలాంటి చట్టంతో పనేముంది!

అలాగని కుటుంబం డబ్బుని మనం దాచిపెట్టకూడదు. తండ్రి బార్లీ, బొగ్గు వ్యాపారి. స్నేప్‌లో మాల్ట్ తయారీకి పెద్ద పెద్ద కట్టడాలు కట్టించాడు. కూతురు డాక్టరవుతానంటే మొదట అసహ్యించుకున్నాడు. తర్వాత చదువుకి డబ్బిచ్చాడు. పరీక్షకి రానివ్వమన్న అపోతికరీల సంఘాన్ని కోర్టుకీడుస్తానన్నాడు. 1865లో ఆమెకి లైసెన్సిచ్చిన ఆ సంఘం, వెంటనే నిబంధనలు మార్చి మిగతా స్త్రీలకి తలుపు మూసేసింది. ఆమె మాత్రం తన దారి తను చూసుకుని ఊరుకోలేదు. లండన్ స్త్రీల వైద్య పాఠశాలకి 1883 నుంచి ఇరవయ్యేళ్లు డీన్‌గా ఉంది.

ఊరిని పాలించే హక్కొచ్చినా పార్లమెంటుకి ఓటు లేదు. 1910 నవంబరు 18న ఆ ఓటు కోసం ఎమ్మెలైన్ పాంక్‌హర్స్ట్‌తో కలిసి నడిచింది. పోలీసులు స్త్రీలని కొట్టిన రోజది. ఆమె 1917 డిసెంబరులో చనిపోయింది. ముప్ఫై నిండి, ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకి ఓటిచ్చిన చట్టం 1918 ఫిబ్రవరిలో వచ్చింది.