ఒత్తిడికి కర్త ఎవరు?

రాపిడి, తాకిడి, దోపిడి, ఒత్తిడి. నాలుగూ క్రియకి ‘ఇడి’ చేరి పుట్టిన మాటలే. రాపిడి జరగాలంటే రెండు వస్తువులు ఒరుసుకోవాలి. తాకిడికి తాకేదీ ఉండాలి, తగిలించుకునేదీ ఉండాలి. దోపిడికి దొంగ లేకుండా కుదరదు. అలాగే ఒత్తిడి అంటే ఎవరో ఒకరు, ఏదో ఒకటి ఒత్తుతున్నట్టే. ఒత్తు సకర్మక క్రియ మరి. కానీ ఇవాళ ఆఫీసుల్లో వినిపించే ఒత్తిడికి మాత్రం కర్త కనిపించడు. ‘నాకు ఈ మధ్య బాగా ఒత్తిడిగా ఉంది’ అంటాం. ‘నాకు ఈ మధ్య కొంచెం దోపిడిగా ఉంది’ అని ఎవరైనా అనగా విన్నారా?

కిటుకంతా ఆ ‘నాకు’లో ఉంది. తెలుగులో ఆకలి నాకు వేస్తుంది, జ్వరం నాకు వస్తుంది, చలి నాకు పెడుతుంది. ఎవరి ప్రమేయమూ లేకుండా ఒంట్లో పుట్టేవాటికి మనం ‘కు’ తగిలిస్తాం. ఒత్తిడిని కూడా ఆ వరసలో కూర్చోబెట్టేసరికి అది జలుబు లాంటిదైపోయింది. జలుబు చేసిందంటే ఎవర్ని తిడతాం?

పేపర్లలో పాత వాడుక ఇంకా బతికే ఉంది. ‘రాజకీయ ఒత్తిళ్లకు తలొగ్గిన అధికారి’, ‘కేసు వెనక్కి తీసుకోవాలని ఒత్తిడి తెచ్చారు’. ఇక్కడ మాటకి బహువచనం ఉంది, ‘తెచ్చారు’ అనే క్రియ ఉంది, దాని వెనక మనుషులున్నారు. ఒత్తిడి చేయడం, తేవడం వేరు. ఒత్తిడిగా ఉండడం వేరు. మొదటిది ఫిర్యాదు, రెండోది అనారోగ్యం.

అరువు మాటల్లోనూ ఇదే తమాషా. ప్రెషర్ ‘పెడతారు’. టెన్షన్ ‘పడతాం’. స్ట్రెస్ ‘తీసుకుంటాం’. మూడింట్లో పెట్టేవాడు కనిపించేది ప్రెషర్ ఒక్కదాంట్లోనే. బహుశా అందుకే పైవాళ్ల నోట అది తక్కువ. వాళ్లకి నచ్చింది మూడోది. ‘రేపు పొద్దున్నకల్లా డెలివరీ అయిపోవాలి, కానీ స్ట్రెస్ మాత్రం తీసుకోవద్దు బ్రో’ అంటాడు టీమ్ లీడ్, పాపం ప్రేమగానే. పెళ్లిలో రెండో లడ్డు తీసుకోవద్దన్నట్టు. వడ్డిస్తున్నదెవరో ఆ వాక్యంలో లేదు.

ఒత్తు చెడ్డ మాటేం కాదు. జంతికలు ఒత్తుతాం, పూరీలు ఒత్తుతాం. ఏడుపొస్తే కొంగుతో కళ్లొత్తుకుంటాం. ఖ, ఘ, భ లాంటివి ఒత్తి పలుకుతాం. అన్నిటికంటే నాకు అక్కరకొచ్చేది కాళ్లొత్తడం. పొద్దంతా తిరిగొచ్చిన తాత మంచం మీద బోర్లా పడుకుని ‘పిక్క దగ్గర ఇంకాస్త’ అంటాడు. మనవడు రెండు బొటనవేళ్లూ ఆనించి బరువంతా వేస్తాడు. ‘అబ్బ, మెల్లగా రా’ అంటే పట్టు సడలిస్తాడు. ‘ఇంక చాల్లే’ అనగానే పారిపోతాడు. ఒత్తేది మనవడే అయినా ఎక్కడ ఒత్తాలో, ఎంత ఒత్తాలో, ఎప్పుడాపాలో చెప్పేది కింద పడుకున్నవాడు. అందుకే ఆయన ఒళ్లు తేలికపడుతుంది. ‘చాల్లే’ అనే వీలు తీసేసి అదే పిక్కని అదే బొటనవేళ్లతో ఒత్తి చూడండి, దాన్ని సేవ అనరు.

తాతకి తెలిసిన ఈ సంగతినే 1979లో రాబర్ట్ కరాసెక్ అనే అమెరికన్ పరిశోధకుడు సిద్ధాంతంగా రాశాడు. పని ఎంతుందన్నదొక్కటే చూస్తే చాలదు, ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఎంతుందన్నదీ చూడాలన్నాడు. పని బండెడు ఉండి, స్వేచ్ఛ సున్నా అయినచోట మనిషి చితుకుతాడు. రెండూ దండిగా ఉన్నచోట అలసిపోతాడు గానీ ఎదుగుతాడు.

లండన్ ప్రభుత్వ కార్యాలయాల లెక్క ఇంకా కళ్లు తెరిపిస్తుంది. గుండెపోటు పెద్ద కుర్చీల జబ్బు, బాధ్యతలు మోసేవాళ్ల జబ్బు అని అప్పట్లో గట్టి నమ్మకం. 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం వేలమంది గుమాస్తాలనీ అధికారులనీ ఏళ్ల తరబడి గమనించింది. మైకేల్ మార్మట్ బృందం లెక్కలు తీస్తే వ్యవహారం తలకిందులైంది. ఫైళ్లు మోసే మెసెంజర్లు, బిళ్ల బంట్రోతుల తరగతిలో మరణాల రేటు పై అధికారుల కంటే దాదాపు మూడు రెట్లుంది. పొగతాగడం, రక్తపోటు వంటివి లెక్కకట్టినా తేడా పూర్తిగా చెరిగిపోలేదు. 1985లో మొదలైన రెండో విడత అధ్యయనంలో, పని మీద తన అదుపు తక్కువైనవాళ్లకి గుండెజబ్బు ముప్పు ఎక్కువని తేలింది. గంట కొట్టి పిలిచేవాడికంటే గంటకి లేచేవాడి గుండెకే దెబ్బ.

అయినా ఒత్తిడి మనిషి స్వభావంలోంచి పుడుతుందన్న కథకే గిరాకీ ఎక్కువ. ఆ కథకి పెద్దదిక్కు ‘టైప్ ఏ’. 1959లో ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ గుండె వైద్యులు, నిత్యం గడియారం చూసుకుంటూ, పోటీ పడుతూ, ఊరికే చిరాకుపడే మనుషులకి గుండెజబ్బు ఎక్కువ వస్తుందన్నారు. తర్వాతి పరిశోధనల్లో ఆ సంబంధం అంత గట్టిగా నిలవలేదు. టైప్ ఏ పరిశోధనలకి డబ్బు పోసినవాళ్లలో సిగరెట్ కంపెనీలూ ఉన్నాయని తర్వాత బయటపడింది. గుండెపోటు పొగ వల్ల కాదు, మీ స్వభావం వల్లే అని తేలితే వాళ్లకంటే సంతోషించేదెవరు? ఇప్పుడు మన కంపెనీలు ఉద్యోగం ఇచ్చే ముందు పెట్టే పర్సనాలిటీ పరీక్షల్లో, ‘ఒత్తిడిలోనూ పనిచేయగలగాలి’ అనే ప్రకటనల్లో నాకు ఆ సిగరెట్ వాసనే కొడుతుంది.

తెలుగు మీడియంలో ఇంటర్ ఫిజిక్స్ చదివినవాళ్లకి బయటి ఒత్తిడినీ లోపలి బాధనీ కలిపేసే ఈ గందరగోళం ఉండకూడదు. వాళ్ల పుస్తకంలో బయటి నుంచి పడే బలం ఒకటి, దానికి ఎదురు నిలుస్తూ వస్తువు లోపల పుట్టే ప్రతిబలం (స్ట్రెస్) ఒకటి, వస్తువు రూపంలో వచ్చే వికృతి (స్ట్రెయిన్) ఇంకొకటి. ఎలుకల మీద ప్రయోగాలు చేసి స్ట్రెస్ అనే మాటని వైద్యంలోకి తెచ్చిన హాన్స్ సెల్యే కూడా, అప్పట్లో తన ఇంగ్లీషు ఇంకాస్త బాగుంటే స్ట్రెయిన్ అని ఉండేవాణ్ణని చెప్పుకున్నాడు. మన లెక్కన ఆయన ఎలుకల్లో చూసింది వికృతి.

ఇక కర్త తారుమారయ్యే ఇంకో ఆఫీసు మాట, ప్రేరణ. మోటివేషన్‌కి మనవాళ్లు ఖాయం చేసిన మాట. దీని అసలు కాపురం వ్యాకరణంలో. చేయుకి ప్రేరణార్థకం చేయించు, రాయుకి రాయించు. రామయ్య రాశాడంటే కర్త రామయ్య. రామయ్య చేత రాయించారంటే కర్త కుర్చీలో వేరే ఎవరో కూర్చున్నారు, చేతులు నొప్పెట్టేలా రాసినవాడు తృతీయా విభక్తిలోకి జరిగాడు. కత్తితో కోసినప్పుడు కత్తి ఉండే విభక్తి అది. మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1968లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దాదాపు ఇదే వాదించాడు: కుక్కని తన్నితే కదులుతుంది, బిస్కెట్ చూపించినా కదులుతుంది, కానీ రెండుసార్లూ కోరిక యజమానిదే. మన వ్యాకరణవేత్త చిన్నయసూరిని చదివి ఉంటే ఆ వ్యాసం ఇంకా పొట్టిగా రాసేవాడు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికని తిరగరాస్తూ బర్నవుట్‌ని జబ్బుగా చేర్చలేదు, ఉద్యోగానికి సంబంధించిన పరిణామంగా రాసింది. సరిగ్గా సర్దుబాటు కాని పనిచోటి ఒత్తిడి వల్ల వచ్చేదంది. ఎవరు సర్దుబాటు చేయాలో మాత్రం చెప్పలేదు, ఆ నిర్వచనంలోనూ కర్త లేడు. కంపెనీలకి అది చాలు. ధ్యానం క్లాసు పెడతాయి, ఏడాదికోసారి సర్వే పంపుతాయి. అందులో ప్రశ్న, ‘మీకు పనిలో ఎంత ఒత్తిడి ఉంది?’ ఒకటి నుంచి ఐదు దాకా ఓ గుండ్రంలో గుర్తు పెట్టాలి. ‘మిమ్మల్ని ఎవరు ఒత్తిడి చేస్తున్నారు?’ అని అడిగిన ఫారం నేనింతవరకు చూడలేదు. అడిగితే జవాబు అంకెల్లో కాక ప్రథమా విభక్తిలో వస్తుంది.