బాలబోధలో అమెరికా తొలిచరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రాథమిక పాఠశాలలలో ఆ దేశపు తొలిచరిత్రను బోధించు తీరు ఎట్లు ఏర్పడినదో, దానియందు చరిత్రమెంత, కల్పనమెంత యను విషయమును పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. తొలిచరిత్ర యనగా 1607లో జేమ్స్‌టౌన్ వలస నెలకొన్నది మొదలు 1799లో జార్జి వాషింగ్టన్ మరణము వఱకు గల కాలమని మేము గ్రహించితిమి. ఆ కాలమును గూర్చి పండితులు వ్రాసిన గ్రంథములు అపారములు. కాని సామాన్య పౌరుని మనస్సున నిలిచియుండునవి ఆ గ్రంథములు గావు. ఏడెనిమిదేండ్ల ప్రాయమున తరగతిలో విన్న నాలుగైదు కథలు. వానిలో కొన్ని ఎప్పుడు పుట్టినవో, ఎవరి చేతిలో పుట్టినవో స్పష్టముగా చూపవచ్చును. అవి నిజమునకు చరిత్రములు గావు, చరిత్రబోధన యొక్క చరిత్రకు సంబంధించిన విషయములు.

చెఱ్ఱీ చెట్టు కథ మనలో పలువురు నీతికథగా విన్నదే. ఆఱేండ్ల వాషింగ్టన్ తండ్రికి ప్రియమైన చెట్టును చిన్న గొడ్డలితో నఱకి, తండ్రి యడుగగా బొంకక ఒప్పుకొనెనట. వాషింగ్టన్ 1799 డిసెంబరు 14న మరణించెను. మరుసటి యేడే మేసన్ లాక్ వీమ్స్ అను మతాచార్యుడు ఆయన జీవితచరిత్రను ప్రకటించెను. ఈ వీమ్స్ ఊరూరు తిరిగి పుస్తకములమ్ము వ్యాపారి కూడ. ఆ మొదటి ముద్రణమున ఈ కథ లేదు. 1806 నాటి అయిదవ ముద్రణమున గాని అది కనబడదు. కుటుంబమునకు దూరపు బంధువగు ఒక వృద్ధురాలు తనకు చెప్పినదని వీమ్స్ వ్రాసెనే గాని ఆమె పేరైనను చెప్పలేదు. ఇంకొక విశేషము. వీమ్స్ వ్రాతలో బాలుడు చెట్టును పడగొట్టలేదు. బెరడు చెక్కివేయగా అది పాడైనదనియే యున్నది. చెట్టును నేలగూల్చినవారు తరువాతి కథకులు!

విలియం మెగఫీ 1836 మొదలు ప్రకటించిన వాచకములు కోట్లకొలది ప్రతులు అమ్ముడువోయినవి. వీమ్స్ కథ వానిలో ప్రవేశించుటతో ఇంటింటి మాట యయ్యెను. సత్యమును బోధించుటకు అసత్యమును ఎంచుకొనిరని పరిహసించుట సులభము. కాని ఆనాటి యుపాధ్యాయుని స్థితిని కూడ ఆలోచింపవలెను. క్రొత్తగా నేర్పడిన దేశమునకు రాజవంశము లేదు, అందఱు నమ్ము పురాణము లేదు, మతశాఖలు అనేకములు. నోవా వెబ్‌స్టర్ 1783లో తన వర్ణక్రమ పుస్తకమును ప్రకటించుటకు గల కారణములలో ఆంగ్లదేశపు పుస్తకములపై ఆధారపడరాదను పట్టుదల ఒకటి. అట్టి దేశమునకు బాలురు అనుకరింపదగిన పురుషుడొకడు కావలసియుండెను. వీమ్స్ ఆ కొఱత తీర్చెను. అతని దోషము కల్పించుట కంటె, కల్పనకు సాక్ష్యముగా ఒక వృద్ధురాలిని తెచ్చి నిలుపుటయే యని మా యభిప్రాయము.

ప్లిమత్ విందు కథ ఇంతకంటె జటిలమైనది. ఏలయన దానికి నిజముగా ఆధారము కలదు. 1620లో మేఫ్లవర్ నౌకలో 102 మంది యాత్రికులు బయలుదేరిరి. మొదటి చలికాలము గడచునప్పటికి దాదాపు సగము మంది మరణించిరి. వయస్సు వచ్చిన స్త్రీలు నలుగురే మిగిలిరి. మరుసటి శరత్తున పంట చేతికి వచ్చిన పిమ్మట జరిగిన వేడుకను ఎడ్వర్డ్ విన్‌స్లో 1621 డిసెంబరు నాటి లేఖలో వర్ణించెను. ఆ లేఖ 1622లో లండనులో అచ్చయ్యెను. విందు గూర్చిన భాగము ఒక చిన్న పేరాకు మించదు. నలుగురు మనుష్యులు పక్షులవేటకు పోయిరనియు, వాంపనోగ్ జాతి నాయకుడు మాససోయిట్ సుమారు 90 మందితో వచ్చి మూడు దినములుండెననియు, ఆ జాతివారు అయిదు జింకలను వేటాడి తెచ్చి యిచ్చిరనియు అందున్నది. వారిని పిలిచినట్లు విన్‌స్లో చెప్పలేదు. కృతజ్ఞతా దినమను పేరును వాడలేదు. ఆ పేరు 1841లో అలెగ్జాండర్ యంగ్ ఈ లేఖను పునర్ముద్రించుచు వ్రాసిన అధోజ్ఞాపికలో దీనికి అంటుకొన్నది. 1863లో అబ్రహాం లింకన్ జాతీయ కృతజ్ఞతా దినమును ప్రకటించినపుడు ప్లిమత్ వలసవారి ప్రసక్తియే తేలేదు. తరువాతి దశాబ్దులలో యూరపు ఖండమునుండి లక్షలకొలది వచ్చి చేరిన కుటుంబముల పిల్లలకు దేశభక్తి నేర్పవలసిన పాఠశాలలు ఈ రెంటిని ఒకచోట కూర్చి, ఏటేట నవంబరులో ఆడెడి చిన్న నాటకముగా మార్చినవి.

ఈ నాటకమున లేని భాగమేది? వలసవారు దిగిన తావు పటుక్సెట్ అను వాంపనోగ్ గ్రామస్థలము. అది ముందే ఖాళీ యైనది. 1616 మొదలు 1619 వఱకు వ్యాపించిన మహామారికి గ్రామము గ్రామమే తుడుచుకొనిపోయెను. వలసవారికి మొక్కజొన్న నాటుట నేర్పినవాడుగా పాఠములలో కనబడు టిస్క్వాంటం ఆ గ్రామమువాడే. 1614లో థామస్ హంట్ అను ఆంగ్ల నావికుడు అతనిని అపహరించి స్పెయిను దేశమున అమ్మజూచెను. అతడు ఇంగ్లండు చేరి, 1619లో తిరిగి స్వస్థలమునకు రాగా తనవారెవరును లేరు. ఆంగ్లభాష అతనికెట్లు వచ్చెనని ఏ పదేండ్ల బాలుడైనను అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పిన పాఠ్యపుస్తకములు చిరకాలము అరుదు. మాససోయిట్ కుమారుడు మెటాకాం 1675లో వలసవారిపై యుద్ధము చేసి, 1676లో చంపబడెను. అతని తల ప్లిమత్‌లో గడకు గ్రుచ్చబడి యేండ్లకొలది నిలిచెను. విందుకు, ఈ గడకు నడుమ గల కాలము ఏబదియైదేండ్లు. 1970లో ప్లిమత్ వలస మున్నూట ఏబదవ వార్షికోత్సవమునకు వాంపనోగ్ వాడగు వమ్‌సుట్టా ఫ్రాంక్ జేమ్స్‌ను ఉపన్యసింప బిలిచి, వ్రాతప్రతి చూచిన పిమ్మట దానిని అంగీకరింపరైరి. నాటినుండి ఆ పండుగదినమున అదే యూరిలో సంతాపదినము జరుపబడుచున్నది. ఈగెల కిరీటములు దాల్చి పిల్లలాడు నాటకమును అనేక పాఠశాలలు ఇటీవల మానుకొన్నవి. ఆ దేశమున పెరుగుచున్న తెలుగువారి పిల్లలలో గూడ దానిని ఆడినవారు కలరు.

మానుకొనుట సులభమే, దాని స్థానమున ఏమి యుంచవలెనన్నదే కష్టము. మేరీ షెల్డన్ బార్న్స్ 1891లో భర్తతో గూడి ప్రకటించిన అమెరికా చరిత్ర పాఠ్యగ్రంథమున మూలపత్రముల భాగములనే విద్యార్థుల ముందుంచి ప్రశ్నలడుగు పద్ధతిని అవలంబించెను. విన్‌స్లో పేరా అట్టి పద్ధతికి తగినది. వ్రాసినవాడెవడు? ఎవరికి వ్రాసెను? వచ్చిన తొంబదిమందిలో ఒకడు వ్రాసియుండిన ఏమి వ్రాసెడివాడు? వంట చేసిన దెవరు? పదేండ్లవారు అందుకొనలేని ప్రశ్న ఇందొకటియు లేదు.

అయినను చేదునిజములు పసివారికి తగవను వాదము బలముగనే యున్నది. 1994లో విద్వాంసులును ఉపాధ్యాయులును గూడి జాతీయ చరిత్రబోధనా ప్రమాణములను సిద్ధపఱుపగా, అవి దేశమహాపురుషులను తక్కువచేయుచున్నవని గొప్ప అలజడి రేగెను. 1995 జనవరిలో సెనెట్ సభ వానిని 99 ఓట్లతో ఖండించెను. వ్యతిరేకముగా వచ్చిన ఓటు ఒక్కటి. మహాపురుషులను చూపవలదని ఎవరును కోరలేదు. వారి యింటిలో నివసించిన తక్కినవారిని గూడ చూపవలెనా యనునదే అచట అసలు ప్రశ్న.

వాషింగ్టన్ అధ్యక్షుడుగా ఫిలడెల్ఫియాలో నున్నపుడు ఆయన వంటవాడు హెర్క్యులిస్ అను బానిస. పెన్సిల్వేనియా శాసనము ననుసరించి అన్యరాష్ట్రమునుండి తెచ్చిన బానిస అచట ఆఱునెలలు ఎడతెగక నివసించినచో స్వేచ్ఛ కోరవచ్చును. కావున వాషింగ్టన్ తన బానిసలను గడువు నిండకమునుపే రాష్ట్రము దాటించి మరల రప్పించుచుండెడివాడు. హెర్క్యులిస్ 1797 ఫిబ్రవరి 22న మౌంట్ వెర్నన్ నుండి పాఱిపోయెను. అది వాషింగ్టన్ అఱువదియైదవ జన్మదినము. 2016 జనవరిలో ఈ వంటవాడు తన యజమానుని జన్మదినమునకు సంతోషముతో కేకు చేయుచున్నట్లు చిత్రించిన బాలల పుస్తకమొకటి వెలువడినది. విమర్శ మిన్నుముట్టగా కొలదిదినములలోనే ప్రకాశకులు దానిని ఉపసంహరించుకొనిరి. జన్మదినమని ఒక దినమును ఎంచుకొనుటలో గల విపరీతము ఆ పుస్తకము సిద్ధము చేసినవారికి తోచకపోవుట మాకు ఆశ్చర్యము గొల్పినది.

ఆ యేడు ఏప్రిలులో, అనంతరము ఫ్రాన్సునకు రాజైన లూయీ ఫిలిప్ మౌంట్ వెర్నన్‌ను దర్శించి తన దినచర్యలో ఒక సంగతి వ్రాసికొనెను. హెర్క్యులిస్ కూతురు ఆఱేండ్ల బాలిక అచటనే యుండెను. తండ్రిని మరల చూడలేవు గదా, దుఃఖము గలుగుటలేదా యని లూయీ ఫిలిప్ సేవకుడు ఆ పిల్లను అడిగెను. తనకు చాల సంతోషముగ నున్నదనియు, తండ్రి ఇపుడు స్వేచ్ఛాపరుడనియు ఆమె బదులు చెప్పెను.

1799లో మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలుండిరి. వాషింగ్టన్ తన వీలునామాలో, తనకు చెందిన 123 మందిని భార్య మరణానంతరము విడుదల చేయవలెనని వ్రాసెను. మార్తా వాషింగ్టన్ 1801 జనవరి 1న వారిని ముందుగనే విడిచిపెట్టెను. ఎక్కడనో దాగియున్న హెర్క్యులిస్ ఆ దినమున శాసనరీత్యా స్వతంత్రుడయ్యెను. ఆ బాలిక మాత్రము తల్లిమూలమున మార్తా మొదటి భర్త ఆస్తి క్రింద లెక్కింపబడినది కావున వీలునామా ఆమెకు వర్తింపలేదు.